బాలిలో నేను పూడ్చిన గండి

ఈ కథ చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టిందండీ. తాడేపల్లిగూడెంలో ఏ పెళ్ళికి వెళ్ళినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు, "ఏవండీ సూర్యారావు గారూ, ఆ బాలి సంగతి ఒకసారి చెప్పరూ" అంటారు. నేను పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఇంకా నోరు తెరవకముందే, పక్కనున్న మా ఏలూరు రహీం గారు అందుకుంటారు. నాకంటే బాగా చెబుతారు. నేను చెయ్యనివి కూడా కలిపి చెబుతారు. మొన్న ఒక పెళ్ళిలో ఆయన చెప్పిన లెక్క ప్రకారం నేను బాలిలో ఒక ఊరే ముంచేశాను. అంతొద్దండీ. నేను ముంచింది ఒక మట్టిదారి, మూడు బగ్గీలు, మా కంపెనీ జోనల్ మేనేజరు గారి తెల్ల బూట్లు. మా ఆవిడ దగ్గర నా పరువు కూడా మునిగిందనుకోండి, అది నా సొంత సొమ్ము. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెట్టేస్తున్నాను. ఇక మీదట అడిగినవాళ్ళకి కాగితం ఇచ్చేసి నా అన్నం నేను తింటాను.

నాకు గూడెంలో ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. పెంటపాడు దగ్గర కాస్త వరిచేను కూడా ఉంది. మా వ్యాపారంలో ఒక ఆచారం ఉందండీ. కంపెనీ వాళ్ళు చెప్పినంత సరుకు అమ్మితే డీలర్లకి బహుమతి ఇస్తారు. ఒకప్పుడు గోడ గడియారం ఇచ్చేవారు, తర్వాత కుక్కరు ఇచ్చారు, ఇప్పుడు విమానం ఎక్కించి విదేశం తిప్పుతున్నారు. ఆ తిరిగే మేము ఎలాంటివాళ్ళమంటే, సముద్రం ఒడ్డున కుర్చీల్లో కూర్చోబెట్టి చేతికి కొబ్బరిబోండాం ఇచ్చినా, "మీ వైపు వరికి దోమపోటు ఎలా ఉందండీ" అనే అడుగుతాం. మనుషులు ఎంత దూరం వెళ్ళినా మాటలు మార్కెట్ యార్డు దాటవు.

నాలుగైదేళ్ళ కిందట అలా బాలి వెళ్ళాం. అప్పటికి నాకు మోకాళ్ళు బాగానే పనిచేసేవి, బుర్ర ఇప్పటికంటే కాస్త తక్కువ పనిచేసేది. నాతో మా ఆవిడ సుభద్ర వచ్చింది. సుభద్రది కామవరపుకోట. మెట్ట పిల్ల. మాది డెల్టా. కాలవ నీళ్ళు గుమ్మం ముందుకొచ్చే ఊళ్ళో పుట్టినవాడిని కాబట్టి వ్యవసాయం గురించి నాకే తెలుసని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆవిడ పెళ్ళయినప్పటి నుంచి ఓపికగా భరిస్తోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. సుభద్రకి బండి నడపాలని కోరిక. గూడెంలో డ్రైవింగు స్కూలుకి వెళ్ళి నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. ఇంట్లో కారు కూడా ఉంది. నడపడం మాత్రం కుదరలేదు, ఎందుకంటే పక్క సీట్లో నేనున్నాను. ఒకసారి పెంటపాడు రోడ్డులో స్టీరింగు ఇచ్చాను. ఆవిడ రెండో గేరులో చక్కగా పోతోంది. నేను "గేదె, గేదె" అని అరిచాను. ఆవిడ హడలిపోయి బ్రేకు తొక్కింది. గేదె రోడ్డు మీద లేదు. కాలవ అవతల, చేను మధ్యలో, దాని మేత అది మేస్తోంది. సుభద్ర దిగి ఇటు వచ్చి కూర్చుంది. ఆ తర్వాత లైసెన్సు ఆవిడ హ్యాండుబ్యాగులో ఉండిపోయింది, ఎక్కడికైనా వెళ్ళినప్పుడు గుర్తింపు కార్డుగా చూపించడానికి.

బాలిలో మూడో రోజు ఎవరికి నచ్చిన చోటికి వాళ్ళని వెళ్ళమన్నారు. ఆడవాళ్ళలో చాలామంది షాపింగు అన్నారు. సుభద్ర ఒక రంగు కాగితం పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. అందులో బురదలో ఎగురుతున్న బండి, బండిలో ఇద్దరు నవ్వుతున్న తెల్లవాళ్ళు.

"ఏవండీ, మనం ఇది వెళ్దామా?"

"ఇదేంటి?"

"బగ్గీ అంటండీ. ముందు గైడు వెళ్తాడట, మనం వెనకాల నడుపుకుంటూ వెళ్ళాలట. కొబ్బరితోటలు, చేలు అన్నీ దాటి సముద్రం దాకా. గేర్లు లేవట. సగం దారి ఒకరు, సగం దారి ఒకరు నడపొచ్చట."

చివరి ముక్క కాస్త నెమ్మదిగా చెప్పింది. నేను కాగితం కేసి చూస్తున్నాను. ఆవిడ నా కేసి చూస్తోంది.

"మన ఊరివాళ్ళు ఎవరూ చూడరండీ ఇక్కడ. పెళ్ళయినప్పటి నుంచి మీ పక్క సీట్లోనే కూర్చుని వస్తున్నాను. ఈ ఒక్క సగం దారి నాకివ్వండి. మధ్యలో మీరేమీ పెట్టుకోకండి."

అడిగిన తీరుకి నాకు కాస్త సిగ్గేసింది. నగలడిగిన మనిషి కాదు, చీరలడిగిన మనిషి కాదు. "అలాగే, సగం దారి నీదే, నేను నోరెత్తను" అని మాటిచ్చాను.

మాతోపాటు జోనల్ మేనేజరు గారు, వాళ్ళావిడ వస్తామన్నారు. మేనేజరు గారిని మంచి చేసుకుంటే ఊరెళ్ళాక సరుకు ముందొస్తుంది కాబట్టి, ఆయన వస్తున్నారని తెలిసి ఏలూరు రహీం గారు కూడా వచ్చారు. రహీం గారు ఏలూరులో మందు కొట్టే స్ప్రేయర్లు అమ్ముతారు, రిపేర్లు కూడా చేస్తారు. వాళ్ళావిడ షాపింగుకి వెళ్ళింది కాబట్టి ఆయన ఒక్కరే ఒక బండి.

బగ్గీ అంటే ఏమిటో చూడనివాళ్ళకి చెబుతాను. నాలుగు లావుపాటి చక్రాలు, వాటి మీద ఇనుపగొట్టాల పంజరం, పంజరంలో రెండు సీట్లు. తలుపుల్లేవు, అద్దాల్లేవు. మా చేలల్లో దమ్ము చేసే ట్రాక్టరుకి పెళ్ళి కుదిరి ముస్తాబు చేస్తే అచ్చం ఇలాగే ఉంటుంది. మాకు హెల్మెట్లు, రబ్బరు బూట్లు ఇచ్చారు. మేనేజరు గారు మాత్రం తన తెల్ల బూట్లు విప్పనన్నారు. కొత్తవట.

మా గైడు పేరు కెటుట్. సన్నగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే కుర్రాడు. మమ్మల్ని వరసగా నిలబెట్టి ఇంగ్లీషులో రూల్స్ చెప్పాడు.

"రూల్ వన్, ఫాలో మీ. రూల్ టూ, నో ఓవర్‌టేక్. రూల్ త్రీ, నో గో ఇన్ రైస్ ఫీల్డ్."

మూడోది నాకు వినపడలేదని అబద్ధం ఆడను. శుభ్రంగా వినపడింది. చేలంటే ఏమిటో తెలియని హైదరాబాదు వాళ్ళ కోసం చెబుతున్నాడనుకున్నాను.

ముందు కెటుట్ బండి, దాని వెనక మేనేజరు గారి దంపతులు, ఆ తర్వాత మేము, చివర రహీం గారు. మొదటి సగం నేను నడిపాను. కొబ్బరితోటల మధ్య గుంతల్లో దూకించాను, ఏటి నీళ్ళలో దింపాను, బురద ఎగరేశాను. బాగా నడిపానని చెప్పుకోవడం కాదు గానీ సుభద్ర రెండుసార్లు దేవుణ్ణి తలుచుకుంది. తోటలు దాటాక చేలు మొదలయ్యాయి. అక్కడి నుంచి నా కళ్ళు దారి మీద లేవు.

మా వైపు నేలంతా ఒకే మట్టంలో ఉంటుంది. గట్టెక్కి చూస్తే కొల్లేరు దాకా అడ్డం ఉండదు. అక్కడ అలా కాదు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా మడులు. ఒక మడిలో ఊడుస్తున్నారు, దాని కిందది పొట్ట మీద ఉంది, దాని కిందది కోతకొచ్చింది. ఏ కాలంలో ఉన్నారో వాళ్ళకైనా తెలుసా అనిపించింది నాకు.

"సుభద్రా, జింకు లోపం."

"ఎవరికండీ?"

"ఆ ఎడమ పక్క మడికి. ఆకు చూడు, తుప్పు రంగు."

"మీరు దారి చూడండి."

"అది కాదు, ఎకరాకి ఇంత జింకు సల్ఫేటు వేస్తే..."

"ఏవండీ. దారి."

దారి చూశాను. మడి కూడా చూశాను. ఒక కన్ను దానికి, ఒక కన్ను దీనికి పెట్టి ఎలాగో సగం దారి పూర్తి చేశాను.

సగంలో ఒక తాటాకు పాక ఉంది. కెటుట్ అందరినీ ఆపి, కొబ్బరిబోండాలు కొట్టించి, "హాఫ్ అవర్ రెస్ట్, దెన్ ఛేంజ్ డ్రైవర్" అన్నాడు. మేనేజరు గారు ఫొటోలు తీసుకోవడానికి వెళ్ళారు. సుభద్ర బోండాం కూడా తాగలేదు. పమిట నడుముకి దోపుకుని తిన్నగా వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది. హెల్మెట్ పట్టీ బిగించుకుంది. ఇంజను ఆపే ఉంది, ఆవిడ మాత్రం స్టీరింగు రెండు చేతుల్తో పట్టుకుని అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పుతోంది. కొత్త పలక చేతికొచ్చిన పిల్లలా ఉంది. చూస్తే నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చటతో అక్కడే ఒక బెంచీ మీద కూర్చుని ఉంటే ఈ కథే లేదు.

కాళ్ళు సాగదీద్దామని పాక వెనక్కి నడిచాను. పాక వెనకే ఒక పెద్ద మడి, నీళ్ళతో నిండుగా ఉంది. అంతకు ముందు రోజు వాన పడిందేమో, పై కాలవ నుంచి నీళ్ళు జోరుగా దిగుతున్నాయి. మడి గట్టుకి మూలలో జానెడు వెడల్పున తెగి ఉంది. అందులోంచి నీళ్ళు గలగలమని బయటికి పోతున్నాయి.

గండి.

మీరు డెల్టావాళ్ళు కాకపోతే నా బాధ మీకు తెలియదు. మా వైపు పీతలు గట్టుకి బొరియలు పెడతాయి. చిన్న బొరియ చూసీ చూడనట్టు వదిలేస్తే తెల్లారేసరికి గట్టు తెగుతుంది, మడి ఎండుతుంది, వేసిన యూరియా అంతా పక్కవాడి చేలోకి పోతుంది. మా నాన్న పట్టుపంచెతో పెళ్ళికి వెళ్తూ కూడా, దారిలో గండి కనబడితే చెప్పులు విడిచి దిగేవాడు. ఆ చేను ఎవరిదని అడిగేవాడు కాదు. మాతో కోర్టులో తగాదా పడుతున్నవాళ్ళ చేనైనా పూడ్చి, ఆ తర్వాత కోర్టుకి వెళ్ళేవాడు. మా వైపు అదొక మర్యాద. తెగిన గట్టు చూసి కూడా పక్కనుంచి నడిచి వెళ్ళిపోయినవాడికి పిల్లనివ్వరండీ.

బూట్లు విప్పి దిగాను.

ముందు ఆ తెగిన చోట అడ్డంగా ఒక వెదురుబద్ద కనబడింది. ఎవరో పిల్లలు ఆడుకుంటూ గుచ్చారనుకుని పీకి పక్కన పెట్టాను. చేతుల్తో మట్టి తీసి వెయ్యబోతే నీటి జోరుకి కొట్టుకుపోతోంది. తట్ట లేదు, పార లేదు. నెత్తిన హెల్మెట్ ఉంది. దాన్ని తీసి అందులో మట్టి ఎత్తడం మొదలెట్టాను. ఇంతలో రహీం గారు బోండాం చప్పరించుకుంటూ అటొచ్చారు.

"ఏం చేస్తున్నారండీ?"

"గండి పడిందండీ."

"ఎవరిదండీ చేను?"

"ఎవరిదైతే ఏంటండీ, నీళ్ళు పోతుంటే."

"అదీ నిజమేననుకోండి. కానీ మనం టూరిస్టులం కదండీ."

"టూరిస్టులకి చేతులుండవా అండీ? ఆ గడ్డి దుబ్బులు ఇలా అందించండి."

రహీం గారు బోండాం గట్టు మీద పెట్టి, గడ్డి పీకి అందించారు. ఒకటి కాదు, చాలా అందించారు. చివర్లో, "ఇక్కడ ఇంకాస్త కారుతోందండీ" అని వేలు పెట్టి చూపించారు కూడా. పెళ్ళిళ్ళలో చెప్పేటప్పుడు ఆయన ఈ భాగం చెప్పరు.

గడ్డి, మట్టి కలిపి కూరి, కాళ్ళతో తొక్కి, అరచేత్తో నున్నగా మెత్తాను. ఒక్క చుక్క కారడం లేదు. నిజం చెప్పొద్దూ, ఆ ట్రిప్పు మొత్తం మీద నాకు ప్రాణం లేచొచ్చింది ఆ ఒక్క క్షణమే. బీచి చూస్తే రాలేదు, గుళ్ళు చూస్తే రాలేదు. బురదలో నిలబడి, ఎవరో ముక్కూ మొహం తెలియని బాలి రైతుకి మేలు చేశానని పొంగిపోయాను. ఆయన ఎప్పటికైనా వచ్చి చూసుకుని, ఏ పుణ్యాత్ముడు పూడ్చాడో అనుకుంటాడని కూడా ఊహించుకున్నాను. అనుకున్నాడులెండి, కాకపోతే ఆ మాట కాదు.

తిరిగొచ్చేసరికి సుభద్ర సీట్లో అలాగే ఉంది.

"ఆ చేతులేంటండీ?"

"జారాను."

"మోచేతుల దాకానా?"

"కాస్త గట్టిగా జారాను."

"హెల్మెట్‌లో మట్టేంటి?"

"అది కూడా నాతోనే జారింది."

ఇంకో రోజైతే అక్కడే నిలబెట్టి నిజం కక్కించేది. ఆ రోజు ఆవిడ మనసంతా స్టీరింగు మీదుంది. "ఎక్కండి" అంది అంతే.

కెటుట్ బండి కదిలింది. మేనేజరు గారి బండి కదిలింది. సుభద్ర మెల్లగా కాలు ఆనించింది. బండి కుదుపు లేకుండా, వెన్నలో చాకు దిగినట్టు కదిలింది. నేను ఇచ్చిన మాట ప్రకారం పెదాలు బిగించి కూర్చున్నాను. ఓరకంట చూస్తే ఆవిడ నవ్వుతోంది. నా కోసమో, ఫొటో కోసమో నవ్విన నవ్వు కాదు. తనలో తను నవ్వుకుంటోంది. ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదురా అని నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ దారి పాకని, పాక వెనక మడిని చుట్టి సరిగ్గా దాని కిందికే దిగుతుందని నాకు తెలియదండీ. తెలిస్తే ఒట్టు.

మలుపు తిరిగాం. పైన నా మడి కనబడింది. నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చి పొంగుతున్నాయి. పై కాలవ నుంచి వచ్చేవి వస్తూనే ఉన్నాయి, పోయే దారి నేను మూసేశాను. నేను పూడ్చిన చోటు మాత్రం చెక్కు చెదరలేదు, ఆ విషయం ఇక్కడ మనవి చేసుకోవాలి. దానికి బారెడు అవతల అసలు గట్టే తెగింది. మట్టి, నీళ్ళు, గడ్డి అన్నీ కలిసి దారి మీదికి దబ్బున దిగాయి. మేనేజరు గారి బగ్గీ ఉన్నచోటే సీటు దాకా దిగబడిపోయింది. వాళ్ళావిడ గొట్టం పట్టుకుని పైకెక్కి నిలబడింది. కెటుట్ తన బండి వెనక్కి తిప్పి, వాళ్ళని లాగుదామని వచ్చి, వాళ్ళ పక్కనే దిగబడ్డాడు. మా వెనక రహీం గారు కంగారులో స్టీరింగు అటు కోసి పక్కనున్న బోదెకాలవలో దిగారు. మా బండి మాత్రం బురద అంచున ఆగింది. నేను ఇంకా నోరు తెరవకముందే సుభద్ర బ్రేకు తొక్కేసింది.

మేనేజరు గారు ఒక కాలు దింపారు. తెల్ల బూటు కనబడకుండా పోయింది. రెండో కాలు దింపారు.

"ఏంటండీ సూర్యారావు గారూ ఇది, ఉన్నట్టుండి ఇన్ని నీళ్ళెక్కడివి?"

"ఇక్కడ గట్లు బలహీనంగా ఉన్నట్టున్నాయండీ" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆయన కూడా, "అవునండీ, మనవాళ్ళ పని కాదిది" అన్నారు. నేను తలూపాను. సుభద్ర నెమ్మదిగా తల తిప్పి నా మోచేతుల కేసి చూసింది.

ఇంతలో కింది మడుల వైపు నుంచి ఒక పెద్దాయన పైకెక్కుతూ వచ్చాడు. తలకి గుడ్డ, భుజాన పార. తన చేలోకి వస్తున్న నీళ్ళు ఆగిపోయాయని చూడ్డానికి వస్తున్నాడు. మమ్మల్ని చూశాడు, తెగిన గట్టు చూశాడు, పాక వెనక్కి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చేతిలో ఒక గడ్డి ముద్ద ఉంది. ఇంకో చేతిలో వెదురుబద్ద ఉంది. రెండూ కెటుట్‌కి చూపించి నాలుగు ముక్కలు చెప్పాడు. కెటుట్ నవ్వు మొదటిసారి పోయింది.

"హూ డిడ్ దిస్?"

రహీం గారు బోదెలో నిలబడి కొబ్బరిచెట్టు మొవ్వు పరిశీలిస్తున్నారు. కెటుట్ ఒక్కొక్కరి చేతులు చూసుకుంటూ వచ్చాడు. మేనేజరు గారి చేతులు శుభ్రంగా ఉన్నాయి. నేను నావి వెనక్కి పెట్టుకున్నాను.

సుభద్ర స్టీరింగు మీద నుంచి చెయ్యి తియ్యకుండా, తనకొచ్చిన ఇంగ్లీషులో, "హి ఈజ్ మై హస్బెండ్" అంది.

ఇంకేమీ అడగలేదండీ ఎవరూ. జవాబు సరిపోయింది.

కెటుట్ ఏదో వివరించబోతే ఆవిడే అందరికీ తెలుగులో చెప్పేసింది. "అది గండి కాదండీ. పై మడి తడిశాక కింది మడికి నీళ్ళు వదిలే దారి. ఆ బద్ద నీళ్ళు ఎక్కువ తక్కువలు చూసుకోవడానికి. మా కామవరపుకోటలో చెరువు కింద చేలన్నీ ఇలాగే మెట్ల మీదుంటాయి. పైవాడు దారి మూసేస్తే కిందవాడికి నీళ్ళుండవు, పైవాడి గట్టూ ఉండదు. చిన్నపిల్లలకి కూడా తెలుసు." ఆ తర్వాత నా వైపు తిరిగి, నాకొక్కడికే వినపడేలా, "ఈ ఒక్కటే అడిగానండీ మిమ్మల్ని" అంది.

కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ సగం దారి మలుపు తిరగ్గానే అయిపోయింది, అదీ నా చేతుల మీదుగా.

దిగబడినవి మూడు బళ్ళు, దిగబడనిది మాది ఒక్కటే. కెటుట్ తాడు తెచ్చి మా బండికి కట్టి, "మేడం, ప్లీజ్ గెట్ డౌన్, ఐ డ్రైవ్" అన్నాడు. సుభద్ర దిగలేదు.

"నో. మై హాఫ్" అంది.

"వెరీ డిఫికల్ట్, మేడం."

"మై హాఫ్."

కెటుట్ నా కేసి చూశాడు. నేను ఆకాశం కేసి చూశాను. చేసేది లేక అతను బురదలో దిగి నెట్టాడు, మేనేజరు గారు నెట్టారు, నేను నెట్టాను. సుభద్ర రివర్సులో, తొందర లేకుండా, తాడు బిగిసేదాకా ఆగి, మెల్లగా లాగింది. మేనేజరు గారి బండి బయటికొచ్చింది. ఆ తర్వాత కెటుట్ది వచ్చింది. రహీం గారిది రావడానికి మాత్రం మూడుసార్లు పట్టింది, ఆయన లోపలే కూర్చుని సలహాలిస్తున్నారు మరి. బండి బయటపడ్డాక, "అమ్మాయిగారూ, మీరు ఏలూరు వచ్చేయండి, మా స్ప్రేయర్ల వ్యాను నడుపుదురుగాని" అన్నారు. సుభద్ర అప్పుడు కూడా నవ్వలేదు.

పొద్దు వాలుతోంది. బళ్ళు వేరే దారిన చుట్టు తిరిగి సముద్రం దగ్గరికి వెళ్ళాలి. గట్టు మాత్రం తెగే ఉంది, పెద్దాయన ఒక్కడే పార పట్టుకుని నిలబడ్డాడు.

"నేనుండి గట్టు వేసి వస్తాను" అన్నాను. ఎవరూ వద్దనలేదు. ఎవరైనా మాటవరసకైనా వద్దంటారేమోనని కాస్త ఆగాను కూడా.

"మరి మీరెలా వస్తారండీ?" అంది సుభద్ర.

"పెద్దాయన స్కూటరు మీద దింపుతాడని చెబుతున్నాడు కెటుట్."

"సరే అయితే." అంతే, పక్క సీటు ఖాళీగా పెట్టుకుని వెళ్ళిపోయింది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుందేమోనని చూశాను. రూల్ వన్ ప్రకారం ముందు బండినే చూస్తూ వెళ్ళింది.

ఆ పెద్దాయనకి తెలుగు రాదు, నాకు ఆయన భాష రాదు. ఆయన మట్టి తవ్వి వేస్తే నేను తొక్కాను, నేను తవ్వి వేస్తే ఆయన తొక్కాడు. ఒకసారి మడి కేసి చూపించి "జింకు" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి పార నా చేతికిచ్చాడు. చీకటి పడబోతుండగా గట్టు నిలిచింది, నా నడుం కూర్చుంది. ఆయన స్కూటరు వెనక రెండు పచ్చగడ్డి మోపులు, వాటి మధ్య నేను. దారిలో ఎదురైన ప్రతివాడికీ ఆయన నా కథ చెప్పినట్టే ఉన్నాడు. అందరూ ఆగి నన్ను చూసి వెళ్ళారు.

సముద్రం ఒడ్డుకి చేరేసరికి మావాళ్ళంతా టీలు తాగుతున్నారు. మా బగ్గీ ఇసుకలో నిటారుగా, సముద్రం కేసి తిరిగి నిలబడి ఉంది. సుభద్ర దాని బానెట్టుకి ఆనుకుని కూర్చుంది. జుట్టంతా రేగిపోయి ఉంది. చెంప మీద ఎండిన బురద. పెళ్ళినాటి ఫొటోలో కూడా అంత బాగుండలేదండీ ఆవిడ.

కుంటుకుంటూ వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఎలా నడిచింది?"

"బాగా నడిచిందండీ."

"అంత దారి ఒక్కదానివే. భయమెయ్యలేదూ?"

ఆవిడ నిజాయితీగా చెప్పింది. "ముందు భయమేసిందండీ, మీరు పక్కన లేరని. కాస్త దూరం పోయాక, మీరు పక్కన లేరు కదా అని భయం పోయింది."

తన చేతిలో ఉన్న టీ సగం నాకిచ్చింది. తాగాను.

కాబట్టి, తాడేపల్లిగూడెం వాస్తవ్యుడు, ఎరువులు మరియు పురుగుమందుల వర్తకుడు అయిన నేను, ఒళ్ళు తెలిసి, నడుం నొప్పితో, ఇందుమూలంగా ప్రమాణం చేయునది ఏమనగా: సముద్రం దాటిన తర్వాత ఏ దేశంలో, ఏ గట్టు నుంచి, ఎన్ని నీళ్ళు ఎటు పోతున్నా చూస్తూ ఊరుకుంటాను. మడికి జింకు తక్కువైతే ఆ దేశం చూసుకుంటుంది. హెల్మెట్ తల మీద తప్ప ఇంకెక్కడా వాడను. కారు తాళాలు సుభద్ర దగ్గరే ఉంటాయి. ఆవిడ నడుపుతున్నప్పుడు నేను పక్క సీట్లో కూర్చోను. వెనక సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, కామవరపుకోట వెళ్ళేదాకా నిద్రపోతున్నట్టు నటిస్తాను.

ఈ చివరిది మొదట్లో చాలా కష్టంగా ఉండేది. ఈ మధ్య నటించే పని లేకుండానే నిద్ర పట్టేస్తోంది.